వినియోగదారుల పోస్టులకు వెబ్‌సైట్ల చట్టపరమైన బాధ్యత

వెబ్‌సైట్‌లోనో యాప్‌లోనో వినియోగదారులు పెట్టే రాతలు, ఫొటోలు, వీడియోలు చట్టాన్ని అతిక్రమిస్తే, ఆ వేదికను నడిపే సంస్థ వాటికి ఎంతవరకు జవాబు చెప్పాలన్నది ఇంటర్నెట్‌కు సంబంధించిన న్యాయశాస్త్రంలో ప్రధానమైన ప్రశ్న. పరువు నష్టం, అశ్లీలం, కాపీరైట్ ఉల్లంఘన, విద్వేష ప్రచారం, నకిలీ సరుకుల అమ్మకం వంటి ఏ తప్పును తీసుకున్నా అందులో మూడు పక్షాలు కనిపిస్తాయి: పోస్టు పెట్టినవారు, దానివల్ల నష్టపోయినవారు, దాన్ని తన సర్వర్లలో ఉంచి నలుగురికీ చూపిన సంస్థ. పోస్టు పెట్టినవారి బాధ్యతపై పెద్దగా భేదాభిప్రాయం లేదు. వాదమంతా మూడో పక్షం గురించే.

భారత చట్టం ఈ సంస్థలను మధ్యవర్తులుగా పరిగణిస్తుంది. 2000 నాటి సమాచార సాంకేతిక చట్టం, అంటే వాడుకలో ఐటీ చట్టం, 79వ సెక్షన్ ద్వారా వీటికి కొన్ని షరతులతో రక్షణ ఇచ్చింది. దీన్నే న్యాయవాదులు సేఫ్ హార్బర్ అంటారు. ఈ షరతులు ఏమిటి, అవి తప్పాయని తేల్చేదెవరు అన్న రెండు ప్రశ్నల చుట్టూనే పావు శతాబ్దంగా కోర్టు తీర్పులు, ప్రభుత్వ నియమాలు, వాటిపై సవాళ్లు నడుస్తున్నాయి.

అచ్చు కాలపు నేపథ్యం

అచ్చు పత్రికల విషయంలో బాధ్యత ఎవరిదన్న ప్రశ్నకు సూటి సమాధానం ఉండేది. భారతదేశంలో 1867 నాటి ప్రెస్, పుస్తకాల రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ప్రతి ప్రతిపైనా ముద్రాపకుడి పేరు, ప్రచురణకర్త పేరు ఉండాల్సి వచ్చేది. పత్రికల్లో సంపాదకుడి పేరు కూడా వేయాల్సి ఉండేది. పరువు నష్టం దావా వేయదలచినవారు ఆఖరి పేజీ అడుగున చూస్తే చాలు, ఎవరిని ప్రతివాదిగా చేర్చాలో తెలిసిపోయేది. పాఠకుల లేఖనైనా సంపాదకుడు చదివి, ఎంచి, అచ్చుకు పంపుతాడు కాబట్టి దాని మంచిచెడ్డలకు ఆయనే జవాబుదారీ.

పుస్తకాల దుకాణదారు విషయం వేరు. తాను అమ్మే ప్రతి పుస్తకాన్నీ చదివి ఉండాలని ఆయన్ను అడగలేం. ఏదైనా పుస్తకంలో నేరపూరితమైన విషయం ఉందని తెలిసి కూడా అమ్మితేనే ఆయన తప్పు. టెలిఫోన్ కంపెనీ, తపాలా శాఖ మరో కోవలోకి వస్తాయి. సంభాషణలోనో కవరులోనో ఏముందో వాటికి సంబంధం లేదు. ఇంటర్నెట్ వేదికలు ఈ మూడింట్లో దేనికీ పూర్తిగా సరిపోవు. సంపాదకుడిలా ముందుగా చదవవు. అలాగని తపాలా శాఖలా పట్టించుకోకుండానూ ఉండవు: ఏ పోస్టు పైకి రావాలో, ఏది కిందికి పోవాలో వాటి సాఫ్ట్‌వేరే నిర్ణయిస్తుంది. చట్టానికి చిక్కుముడి ఇక్కడే పడింది.

అమెరికా ఎంచుకున్న దారి

ఈ ప్రశ్న మొదట అమెరికా కోర్టుల ముందుకు వచ్చింది. 1991లో కంప్యూసర్వ్ అనే ఆన్‌లైన్ సంస్థపై పడిన పరువు నష్టం దావాలో న్యూయార్క్‌లోని ఫెడరల్ కోర్టు ఆ సంస్థను పుస్తకాల దుకాణంతో సమానంగా చూసింది. రాతల్లో ఏముందో సంస్థకు తెలియదు కనుక బాధ్యత లేదంది. నాలుగేళ్ల తర్వాత 1995లో ప్రాడిజీ అనే మరో సంస్థ విషయంలో న్యూయార్క్ రాష్ట్ర కోర్టు ఇందుకు భిన్నంగా తీర్పు చెప్పింది. అసభ్య రాతలను తొలగించేందుకు ప్రాడిజీ నియమాలు పెట్టుకుంది, సాఫ్ట్‌వేర్ వాడింది, పర్యవేక్షకులను నియమించుకుంది. అంటే సంపాదకుడి పని చేసింది కాబట్టి బాధ్యత కూడా మోయాలని కోర్టు తేల్చింది.

రెండు తీర్పులనూ కలిపి చదివితే, చెత్తను ఊడ్చే ప్రయత్నం చేసినవారికి శిక్ష, ఏమీ పట్టించుకోనివారికి రక్షణ అన్నట్టు తయారైంది. ఈ విపరీతాన్ని సరిచేయడానికి క్రిస్ కాక్స్, రాన్ వైడెన్ అనే ఇద్దరు కాంగ్రెస్ సభ్యులు ప్రతిపాదించిన నిబంధనే 1996 నాటి కమ్యూనికేషన్స్ డీసెన్సీ చట్టంలో 230వ సెక్షన్ అయింది. ఇతరులు ఇచ్చిన సమాచారానికి ఆన్‌లైన్ సంస్థను ప్రచురణకర్తగా గానీ, ఆ మాటలు అన్న వ్యక్తిగా గానీ చూడకూడదన్నది దాని సారం. అభ్యంతరకర విషయాలను సదుద్దేశంతో తొలగించినా సంస్థకు చిక్కు రాదని కూడా అదే సెక్షన్ చెప్పింది.

1997లో జెరాన్ కేసులో అప్పీలు కోర్టు ఈ రక్షణను చాలా విస్తృతంగా అన్వయించింది. ఫిర్యాదు అందిన తర్వాత కూడా, అంటే పోస్టు సంగతి తెలిసిన తర్వాత కూడా, సంస్థకు బాధ్యత అంటదని తేల్చింది. అయితే ఫెడరల్ నేరాలకు, మేధా సంపత్తి హక్కులకు 230వ సెక్షన్ వర్తించదు. కాపీరైట్ కోసం 1998లో వేరే చట్టం వచ్చింది. అందులో ఫిర్యాదు రాగానే తొలగించడం, పోస్టు పెట్టినవారు ఎదురు నోటీసు ఇస్తే తిరిగి ఉంచడం అనే పద్ధతి ఏర్పడింది. 2018లో వ్యభిచార కూపాల్లోకి మనుషుల రవాణాకు సంబంధించిన పోస్టులను రక్షణ పరిధి నుంచి తప్పించారు. వీడియోలను సిఫారసు చేసే సాఫ్ట్‌వేర్‌కు కూడా ఈ రక్షణ ఉంటుందా అన్న ప్రశ్న 2023లో గూగుల్‌పై వచ్చిన గొంజాలెజ్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు వరకు వెళ్లింది. కోర్టు ఆ ప్రశ్నను తేల్చకుండానే వదిలేసింది.

భారత చట్టం తొలి రూపం, బాజీ కేసు

ఐటీ చట్టం 2000 అక్టోబరు 17న అమల్లోకి వచ్చింది. అప్పటి 79వ సెక్షన్‌లో రక్షణ ఇరుకైనది. నేరం తనకు తెలియకుండా జరిగిందని గానీ, దాన్ని ఆపడానికి తగిన జాగ్రత్తలన్నీ తీసుకున్నానని గానీ సంస్థ తానే రుజువు చేసుకోవాలి. పైగా ఆ రక్షణ ఐటీ చట్టం కింది నేరాలకే వర్తించేది.

ఈ ఇరుకుదనం 2004లో బయటపడింది. బాజీ డాట్ కామ్ అనే వేలం వెబ్‌సైట్‌లో ఒక విక్రేత మైనర్లకు సంబంధించిన అశ్లీల వీడియో క్లిప్‌ను అమ్మకానికి పెట్టాడు. సంస్థ రెండు రోజుల్లో దాన్ని తొలగించింది. అయినా ఆ ఏడాది డిసెంబరులో ఢిల్లీ పోలీసులు సంస్థ ముఖ్య కార్యనిర్వహణాధికారి అవనీష్ బజాజ్‌ను అరెస్టు చేశారు. ఆయన ఆ క్లిప్‌ను చూశారన్న ఆరోపణ కూడా లేదు. 2008లో ఢిల్లీ హైకోర్టు భారతీయ శిక్షాస్మృతి కింది అభియోగాన్ని కొట్టేసింది గానీ, ఐటీ చట్టం కింది కేసును సాగనిచ్చింది. కంపెనీని నిందితుల జాబితాలో చేర్చకుండా దాని అధికారిని విచారించడం చెల్లదంటూ 2012లో సుప్రీంకోర్టు ఆ కేసునూ రద్దు చేసింది. అరెస్టుకూ ఈ తుది తీర్పుకూ మధ్య ఏడేళ్లకు పైగా గడిచాయి.

2008 సవరణ

బాజీ కేసు రేపిన చర్చ చట్ట సవరణకు దారితీసింది. 2008లో పార్లమెంటు ఆమోదించిన సవరణ 2009 అక్టోబరు 27 నుంచి అమల్లోకి వచ్చింది. మధ్యవర్తి నిర్వచనం విస్తరించింది. టెలికాం కంపెనీలు, ఇంటర్నెట్ కనెక్షన్ ఇచ్చేవారు, సెర్చ్ ఇంజన్లు, ఆన్‌లైన్ చెల్లింపుల సైట్లు, వేలం సైట్లు, ఆన్‌లైన్ బజార్లు, చివరికి సైబర్ కేఫ్‌లు కూడా అందులో చేరాయి.

కొత్త 79వ సెక్షన్ ఏ చట్టంతోనూ నిమిత్తం లేకుండా రక్షణ ఇస్తుంది. కానీ సంస్థ కొన్ని షరతులు పాటించాలి. సమాచారాన్ని పంపే పనికి తాను పూనుకోకూడదు, ఎవరికి చేరాలో ఎంచుకోకూడదు, అందులో మార్పులు చేయకూడదు. ప్రభుత్వం నిర్దేశించిన జాగ్రత్తలు తీసుకోవాలి. నేరానికి కుట్ర పన్నినా, తోడ్పడినా, ప్రేరేపించినా రక్షణ పోతుంది. చట్టవిరుద్ధమైన విషయం ఉందని వాస్తవంగా తెలిసిన తర్వాత గానీ, ప్రభుత్వం తెలియజేసిన తర్వాత గానీ వెంటనే తొలగించకపోయినా పోతుంది.

అదే సవరణలో మరో ముఖ్యమైన నిబంధన 69ఎ సెక్షన్. దేశ సార్వభౌమత్వం, సమగ్రత, రక్షణ, భద్రత, విదేశాలతో స్నేహసంబంధాలు, శాంతిభద్రతల వంటి కారణాలపై ఏ సమాచారాన్నైనా ప్రజలకు అందకుండా నిలిపివేయమని కేంద్రం ఆదేశించడానికి ఇది వీలిస్తుంది. పరువు నష్టం ఈ జాబితాలో లేదు.

2011 నియమాలు, శ్రేయా సింఘాల్ తీర్పు

2011 ఏప్రిల్‌లో కేంద్రం మధ్యవర్తుల మార్గదర్శక నియమాలు తెచ్చింది. నష్టపోయామంటూ ఎవరైనా ఫిర్యాదు చేస్తే 36 గంటల్లో చర్య తీసుకోవాలని వాటిలో ఉంది. ఫిర్యాదులో పస ఉందో లేదో తేల్చే భారం సంస్థపైనే పడింది. బెంగళూరుకు చెందిన సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ 2011లో ఈ పద్ధతిని పరీక్షకు పెట్టింది. కావాలనే లోపాలతో రాసిన తొలగింపు నోటీసులను ఏడు సంస్థలకు పంపించింది. ఏడింట్లో ఆరు అవసరానికి మించి తొలగించాయి. నోటీసును వడపోసి చూడటానికి సిబ్బంది, సమయం, న్యాయ సలహా కావాలి. తొలగించడానికి ఒక్క క్లిక్కు చాలు. పోస్టు పెట్టిన వ్యక్తి వల్ల సంస్థకు వచ్చే ఆదాయం బహు స్వల్పం, కేసు వస్తే అయ్యే ఖర్చు ఎక్కువ. ఈ లెక్క తెలిసిన సంస్థ ఎటు మొగ్గుతుందో ఆ పరీక్ష స్పష్టంగా చూపింది.

2015 మార్చి 24న సుప్రీంకోర్టు శ్రేయా సింఘాల్ కేసులో తీర్పు ఇచ్చింది. జస్టిస్ జాస్తి చలమేశ్వర్, జస్టిస్ రోహింటన్ నారిమన్‌ల ధర్మాసనం ఆన్‌లైన్‌లో అభ్యంతరకర సందేశాలు పంపడాన్ని నేరంగా పరిగణించే ఐటీ చట్టంలోని 66ఎ సెక్షన్‌ను కొట్టేసిన తీర్పుగా ఇది ప్రసిద్ధం. వెబ్‌సైట్ల బాధ్యత విషయంలో దీని ప్రాధాన్యం అంతకు తక్కువేమీ కాదు. వాస్తవంగా తెలియడం అంటే కోర్టు ఉత్తర్వు ద్వారా గానీ, ప్రభుత్వ ప్రకటన ద్వారా గానీ తెలియడమేనని ధర్మాసనం తేల్చింది. లక్షల్లో వచ్చే ఫిర్యాదుల్లో ఏవి న్యాయమైనవో గూగుల్, ఫేస్‌బుక్ వంటి సంస్థలు తీర్పు చెప్పడం కష్టమని అభిప్రాయపడింది. ఆ ఉత్తర్వయినా, ప్రకటనయినా రాజ్యాంగంలోని 19వ అధికరణం రెండో క్లాజులో చెప్పిన కారణాలకు లోబడే ఉండాలంది. ప్రైవేటు వ్యక్తి పంపిన ఫిర్యాదు ఒక్కదానితోనే సంస్థ రక్షణ కోల్పోయే పరిస్థితి దీంతో పోయింది.

సికింద్రాబాద్ నుంచి సుప్రీంకోర్టుకు: విశాక కేసు

పాత చట్టానికీ కొత్త చట్టానికీ మధ్య తేడాను సుప్రీంకోర్టు వివరంగా చర్చించిన కేసు తెలుగు నేలపైనే మొదలైంది. ఆస్‌బెస్టాస్ సిమెంటు రేకులు తయారుచేసే విశాక ఇండస్ట్రీస్‌ను విమర్శిస్తూ 2008లో కొన్ని వ్యాసాలు గూగుల్ గ్రూప్స్‌లో వెలువడ్డాయి. ఆస్‌బెస్టాస్ వాడకాన్ని నిషేధించాలని కోరే ఒక బృందం సమన్వయకర్త వాటిని పెట్టారు. తమ పరువుకు భంగం కలిగిందంటూ కంపెనీ సికింద్రాబాద్ మేజిస్ట్రేటు కోర్టులో క్రిమినల్ ఫిర్యాదు వేసి, రచయితతోపాటు గూగుల్ ఇండియానూ నిందితుల్లో చేర్చింది.

కేసు కొట్టేయమంటూ గూగుల్ ఇండియా ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు వెళ్లింది. నోటీసు అందిన తర్వాత కూడా ఆ సమాచారాన్ని ఆపడానికి సంస్థ ఏమీ చేయలేదంటూ 2011 ఏప్రిల్‌లో హైకోర్టు ఆ అభ్యర్థనను తోసిపుచ్చింది. ఆ వేదికను నడిపేది అమెరికాలోని మాతృసంస్థే గానీ తాము కాదన్నది సుప్రీంకోర్టులో గూగుల్ ఇండియా వాదనల్లో ఒకటి. 2019 డిసెంబరు 10న జస్టిస్ అశోక్ భూషణ్, జస్టిస్ కె.ఎం.జోసెఫ్‌ల ధర్మాసనం అప్పీలును ప్రధానంగా తోసిపుచ్చింది. వ్యాసాలు వెలువడిన కాలానికి కొత్త 79వ సెక్షన్ లేదు. పాత సెక్షన్ ఇచ్చే రక్షణ ఐటీ చట్టం నేరాలకే గానీ, శిక్షాస్మృతిలోని పరువు నష్టం నేరానికి వర్తించదని తేల్చింది. వేదికను నడిపేది ఎవరన్నది సాక్ష్యాలతో తేలాల్సిన అంశం కాబట్టి విచారణలోనే చూడాలంది.

ఈ తీర్పు నేర్పిన సంగతులు రెండు. సంస్థకు రక్షణ ఉందా లేదా అన్నది పోస్టు పెట్టిన తేదీని బట్టి కూడా మారవచ్చు. ఇక రెండోది, రక్షణ ఉందని చివరికి తేలినా తేలకపోయినా, ఆ ప్రశ్న తేలడానికే పదేళ్లకు పైగా పట్టవచ్చు. కేసు వేసిన కంపెనీకైనా, ఆరోగ్య సమస్య మీద రాసిన కార్యకర్తకైనా ఇంత కాలయాపన న్యాయం కాదు.

కాపీరైట్, ఆన్‌లైన్ అమ్మకాలు

కాపీరైట్, పేటెంట్ హక్కులకు ఐటీ చట్టం అడ్డు రాకూడదని 81వ సెక్షన్ చెబుతుంది. దీన్ని ఆధారం చేసుకుని సూపర్ క్యాసెట్స్ సంస్థ మైస్పేస్‌పై దావా వేసింది. వినియోగదారులు ఎక్కించిన పాటలకు మైస్పేస్‌దే బాధ్యతని ఢిల్లీ హైకోర్టు ఏకసభ్య ధర్మాసనం 2011లో అభిప్రాయపడింది. 2016 డిసెంబరులో డివిజన్ బెంచి దాన్ని తిప్పికొట్టింది. ఫలానా పాట, ఫలానా చోట ఉందని నిర్దిష్టంగా తెలిపితేనే సంస్థకు తెలిసినట్టు లెక్క అంది. సాఫ్ట్‌వేర్ దానంతటదే ప్రకటనలు జోడించడాన్ని తెలిసి చేసిన మార్పుగా చూడలేమంది.

2012లో సవరించిన కాపీరైట్ చట్టం ఈ విషయంలో ఒక సమతూకం పాటించింది. హక్కుదారు రాతపూర్వకంగా ఫిర్యాదు చేస్తే సంస్థ ఆ విషయాన్ని 21 రోజులపాటు అందకుండా ఆపాలి. ఆలోగా కోర్టు ఉత్తర్వు రాకపోతే తిరిగి అందుబాటులోకి తేవచ్చు. నష్టపోయినవారికి తక్షణ ఉపశమనం దొరుకుతుంది, అంతిమ నిర్ణయం మాత్రం న్యాయస్థానం చేతిలోనే ఉంటుంది.

ఆన్‌లైన్ బజార్ల విషయంలో తీర్పులు ఒక దారిన నడవలేదు. సరుకును గోదాములో ఉంచి, ప్యాకింగ్ చేసి, ప్రచారం చేసే సైటును కేవలం మధ్యవర్తి అనలేమని 2018లో క్రిస్టియన్ లూబుటాన్ కేసులో ఢిల్లీ హైకోర్టు ఏకసభ్య ధర్మాసనం చెప్పింది. క్రియాశీలం, నిష్క్రియం అన్న విభజన చట్టంలో లేదని 2020లో అదే హైకోర్టు డివిజన్ బెంచి అమెజాన్, ఆమ్‌వే వివాదంలో పేర్కొంది.

ప్రజ్వల లేఖ, 2021 నియమాలు

కోర్టు ఉత్తర్వు వచ్చేదాకా ఆగడం సాధ్యం కాని విషయాలూ ఉంటాయి. అత్యాచార వీడియోలు వాటిలో మొదటివి. ఇవి వాట్సాప్‌లో చేతులు మారుతున్నాయని హైదరాబాద్‌కు చెందిన ప్రజ్వల సంస్థ సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తికి లేఖ రాసింది. సునీతా కృష్ణన్ నడిపే ఈ సంస్థ లేఖను కోర్టు 2015లో సుమోటోగా విచారణకు స్వీకరించింది. ప్రభుత్వ అధికారులనూ ఇంటర్నెట్ సంస్థల ప్రతినిధులనూ ఒకచోట కూర్చోబెట్టి, ఇలాంటి దృశ్యాలను గుర్తించి ఆపే మార్గాలపై నివేదిక తెప్పించింది. వీటిని అరికట్టడానికి ప్రభుత్వం మార్గదర్శకాలు రూపొందించవచ్చని 2018 డిసెంబరులో పేర్కొంది. బాధితురాలికి ఒక్కో గంటా విలువైనదే. ఒకసారి వేలమంది ఫోన్లలోకి చేరిన వీడియోను ఏ ఉత్తర్వూ వెనక్కి తేలేదు. సంస్థల బాధ్యత పెంచాలనే వాదనకు ఇంతకంటే బలమైన ఉదాహరణ లేదు.

2021 ఫిబ్రవరి 25న కేంద్రం ప్రకటించిన కొత్త ఐటీ నియమాలకు చూపిన ప్రాతిపదికల్లో ఈ కేసు కూడా ఒకటి. 50 లక్షలకు పైగా నమోదిత వినియోగదారులున్న సామాజిక మాధ్యమాలను ఈ నియమాలు ప్రత్యేక తరగతిగా గుర్తించాయి. అవి భారతదేశంలో నివసించే ముఖ్య నియమపాలన అధికారిని, పోలీసులతో 24 గంటలూ అందుబాటులో ఉండే అధికారిని, ఫిర్యాదుల పరిష్కార అధికారిని నియమించాలి. నెలనెలా నివేదిక వెలువరించాలి. ప్రకటించిననాటి నియమాల ప్రకారం కోర్టు, ప్రభుత్వ ఆదేశాలను 36 గంటల్లో అమలు చేయాలి. నగ్న, లైంగిక దృశ్యాలపై బాధితులు ఫిర్యాదు చేస్తే 24 గంటల్లో చర్య తీసుకోవాలి. నియమాలు పాటించని సంస్థకు 79వ సెక్షన్ రక్షణ ఉండదు. అధికారుల నియామకంలో జాప్యం చేసిన ట్విటర్ ఈ రక్షణ కోల్పోయిందని 2021 జులైలో కేంద్రం ఢిల్లీ హైకోర్టుకు తెలిపింది. నియామకాలు పూర్తయ్యాయని ఆగస్టులో అంగీకరించింది.

మెసేజింగ్ యాప్‌లు ఒక సందేశాన్ని మొదట పంపినవారెవరో చెప్పగలగాలన్న నిబంధన తీవ్ర వివాదమైంది. పంపినవారు, అందుకున్నవారు తప్ప ఎవరూ చదవలేని ఎన్‌క్రిప్షన్‌ను ఇది దెబ్బతీస్తుందంటూ వాట్సాప్ 2021 మేలో ఢిల్లీ హైకోర్టును ఆశ్రయించింది. 2022 అక్టోబరు సవరణతో ఫిర్యాదుల అప్పీలు కమిటీలు వచ్చాయి. సంస్థ నిర్ణయం నచ్చని వినియోగదారు 30 రోజుల్లో వీటికి అప్పీలు చేసుకోవచ్చు. కేంద్ర ప్రభుత్వ వ్యవహారాలపై ఏది అబద్ధమో తేల్చే నిజనిర్ధారణ విభాగానికి వీలు కల్పించిన 2023 ఏప్రిల్ సవరణను మాత్రం బాంబే హైకోర్టు 2024 సెప్టెంబరులో కొట్టేసింది.

ప్రభుత్వ ఆదేశాలపై వివాదం

69ఎ సెక్షన్ కింద ఇచ్చే ఆదేశాలకు 2009 నియమాల్లో ఒక పద్ధతి ఉంది. కమిటీ పరిశీలించాలి, కారణాలు రాతపూర్వకంగా ఉండాలి, పోస్టు పెట్టినవారిని గుర్తించగలిగితే వారి వాదనా వినాలి. ఈ భద్రతలు ఉన్నాయి కాబట్టే శ్రేయా సింఘాల్ తీర్పు ఆ సెక్షన్‌ను నిలబెట్టింది. అయితే ఆదేశాలు గోప్యంగా ఉంచాలన్న నిబంధన వల్ల తమ పోస్టు ఎందుకు మాయమైందో చాలామందికి తెలియడం లేదు. నిలిపివేత ఆదేశాలపై ట్విటర్ వేసిన పిటిషన్‌ను కర్ణాటక హైకోర్టు 2023 జూన్ 30న కొట్టేసి, 50 లక్షల రూపాయల ఖర్చులు విధించింది. పోస్టు పెట్టినవారికి నోటీసు ఇవ్వకపోవడాన్ని సవాలు చేసిన మరో పిటిషన్‌లో, వ్యక్తిని గుర్తించగలిగినప్పుడు నోటీసు ఇవ్వాల్సిందేనని సుప్రీంకోర్టు 2025 మార్చిలో ప్రాథమికంగా అభిప్రాయపడింది.

79వ సెక్షన్ కిందే నేరుగా తొలగింపు నోటీసులు పంపేందుకు కేంద్ర హోంశాఖ సహయోగ్ పోర్టల్‌ను ఏర్పాటు చేయడంతో వివాదం మరో మలుపు తిరిగింది. 69ఎలోని భద్రతలను తప్పించుకునే పక్కదారి ఇదని ఎక్స్ (పూర్వపు ట్విటర్) సంస్థ వాదించింది. కర్ణాటక హైకోర్టు 2025 సెప్టెంబరు 24న ఆ వాదనను తిరస్కరించింది. తర్వాతి నెలలోనే కేంద్రం నియమాలు సవరించి, ఇలాంటి నోటీసులు ఇచ్చే అధికారాన్ని సంయుక్త కార్యదర్శి, పోలీసు శాఖలోనైతే డీఐజీ హోదాకు తగ్గని అధికారులకు పరిమితం చేసింది. నోటీసులో చట్టపరమైన ఆధారం, కారణం స్పష్టంగా ఉండాలంది. ఈ మార్పులు 2025 నవంబరు 15న అమల్లోకి వచ్చాయి.

ఐరోపా, ఆస్ట్రేలియా అనుభవాలు

ఐరోపా సమాఖ్య 2000 నాటి ఈ-కామర్స్ ఆదేశంలో మధ్యేమార్గం ఎంచుకుంది. తెలియనంత వరకు బాధ్యత లేదు, తెలిసిన వెంటనే తొలగించాలి, అన్నింటినీ ఎల్లవేళలా గాలించమని సంస్థలను ఒత్తిడి చేయకూడదు. ఎస్టోనియా వార్తా సైటు డెల్ఫీ కేసులో ఐరోపా మానవ హక్కుల న్యాయస్థానం 2015లో మరింత కఠినంగా వ్యవహరించింది. పాఠకుల వ్యాఖ్యల్లో బెదిరింపులు, విద్వేషం ఉండగా ఆరు వారాలు అలాగే వదిలేసిన వ్యాపార వార్తా సంస్థకు 320 యూరోల పరిహారం విధించడం భావ ప్రకటనా స్వేచ్ఛకు విరుద్ధం కాదంది. 2022లో వచ్చిన డిజిటల్ సేవల చట్టం 2024 ఫిబ్రవరి 17 నుంచి పూర్తిగా అమలవుతోంది. పోస్టు తొలగిస్తే వినియోగదారుకు కారణం చెప్పాలి, అప్పీలుకు వీలుండాలి. 4.5 కోట్లకు పైగా ఐరోపా వినియోగదారులున్న సంస్థలు తమ సేవల వల్ల సమాజానికి కలిగే ముప్పులను ఏటా అంచనా వేయాలి. ఉల్లంఘనకు ప్రపంచవ్యాప్త వార్షిక టర్నోవరులో 6 శాతం వరకు జరిమానా పడవచ్చు.

ఆస్ట్రేలియాలో బాధ్యత ఇంకా కిందికి దిగింది. వార్తా సంస్థల ఫేస్‌బుక్ పేజీల్లో పాఠకులు రాసిన వ్యాఖ్యలకు ఆ వార్తా సంస్థలే ప్రచురణకర్తలని అక్కడి అత్యున్నత న్యాయస్థానం 2021లో తీర్పు చెప్పింది.

వాదనలు

రక్షణ కావాలనేవారి వాదన పరిమాణంతో మొదలవుతుంది. క్షణక్షణం వచ్చిపడే పోస్టులను ముందే చదివి ప్రచురించడం ఎవరి వల్లా కాదు. ప్రతి పోస్టుకూ బాధ్యత మోయాల్సి వస్తే సంస్థలు అనుమానం వచ్చినదల్లా తీసేస్తాయి. అధికారిపై ఆరోపణ, కంపెనీ కాలుష్యంపై ఫిర్యాదు, ఆసుపత్రి సేవలపై విమర్శ ముందుగా మాయమవుతాయి, ఎందుకంటే లీగల్ నోటీసు పంపగల స్తోమత వీటికి గురైనవారికే ఉంటుంది. పైగా కఠిన నియమాల ఖర్చు పెద్ద కంపెనీలు భరించగలవు. చిన్న తెలుగు సాహిత్య సైటు, జిల్లా వార్తల యాప్ భరించలేవు.

బాధ్యత పెంచాలనేవారి వాదనలోనూ బలం ఉంది. ఈ సంస్థలు గోడ అద్దెకిచ్చి ఊరుకున్నవి కావు. ఎక్కువసేపు చూసేలా చేసే పోస్టులను ఎంచి చూపి, ప్రకటనల ద్వారా లాభం పొందుతున్నాయి. లాభం ఉన్నచోట బాధ్యతా ఉండాలి. పోస్టు పెట్టినవారు మారుపేరుతోనో విదేశాల నుంచో రాస్తే బాధితులకు మిగిలే ఏకైక దిక్కు సంస్థే. ఆంగ్లంతో పోలిస్తే భారతీయ భాషల్లోని దూషణను గుర్తించేందుకు సంస్థలు పెట్టే శ్రద్ధ తక్కువన్న విమర్శ కూడా ఉంది. తెలుగులో కులం పేరుతో తిట్టే తిట్టును ఆంగ్లానికి అలవాటుపడిన సాఫ్ట్‌వేర్ పట్టుకోలేదు.

రెండు పక్షాలూ సంస్థ, ఫిర్యాదుదారు, ప్రభుత్వం గురించే మాట్లాడతాయి. పోస్టు పెట్టిన పౌరుడు ఈ లెక్కలో తరచూ కనిపించడు. సంస్థ తనంతట తాను తొలగించేటప్పుడు వినియోగదారుకు కారణం చెప్పాలని 2021 నియమాలు పెద్ద సామాజిక మాధ్యమాలను ఆదేశించాయి. ప్రభుత్వ ఆదేశంపై తొలగించినప్పుడు అదే హక్కు అంత స్పష్టంగా లేదు.

కృత్రిమ మేధ తెచ్చిన ప్రశ్నలు

2023 నవంబరులో నటి రష్మిక మందన్న ముఖాన్ని మరో మహిళ వీడియోకు అతికించిన డీప్‌ఫేక్ దేశమంతటా వ్యాపించింది. గుంటూరు జిల్లాకు చెందిన ఒక యువకుణ్ని ఢిల్లీ పోలీసులు 2024 జనవరిలో అరెస్టు చేశారు. ఇలాంటి వీడియోలపై గుర్తింపు చిహ్నం తప్పనిసరి చేసే ముసాయిదాను కేంద్రం 2025 అక్టోబరు 22న విడుదల చేసింది. వినియోగదారు అడిగితే బొమ్మనో రాతనో తయారుచేసి ఇచ్చే సాధనం మధ్యవర్తా, రచయితా అన్నది మరింత లోతైన ప్రశ్న. ఇతరులు ఇచ్చిన సమాచారాన్ని మోసే సంస్థల కోసం రాసిన 79వ సెక్షన్‌లో దీనికి నేరుగా సమాధానం దొరకదు.

మదింపు

పూర్తి రక్షణ, పూర్తి బాధ్యత అనే రెండు కొసలూ ఆచరణలో విఫలమయ్యాయి. బాజీ కేసు ఒక కొసను, ఆపలేని అత్యాచార వీడియోలు రెండో కొసను చూపాయి. నిలబడిన పద్ధతుల్లో కొన్ని లక్షణాలు తరచూ కనిపిస్తాయి. పసిపిల్లలపై, మహిళలపై లైంగిక హింసకు చెందిన దృశ్యాల విషయంలో తక్షణ చర్య ఉంటుంది. పరువు నష్టం, రాజకీయ విమర్శ వంటి వాదోపవాదాలకు తావున్న విషయాల్లో న్యాయస్థానమే నిర్ణయిస్తుంది. తొలగింపు ఏదైనా రాతపూర్వక కారణంతో, పోస్టు పెట్టినవారికి తెలిపి, అప్పీలుకు అవకాశమిచ్చి జరుగుతుంది. కాపీరైట్ చట్టంలోని 21 రోజుల పద్ధతి ఇందుకు భారతదేశంలోనే ఉన్న నమూనా.

సేఫ్ హార్బర్ అసలు ఉండాలా అన్న ప్రశ్నను కేంద్రం 2023 మార్చిలో డిజిటల్ ఇండియా చట్టం ప్రతిపాదనల సందర్భంగా బెంగళూరులో చర్చకు పెట్టింది. కానీ ఈ అంశంలో 2008 తర్వాత వచ్చిన మార్పులు ఎక్కువగా పార్లమెంటు చేసిన చట్టం ద్వారా కాక, మంత్రిత్వ శాఖ ప్రకటించిన నియమాల ద్వారానే వచ్చాయి. కోట్లమంది పౌరుల మాటకు, పరువుకు, భద్రతకు సంబంధించిన విషయంలో హద్దులు గీయాల్సింది బహిరంగ చర్చ తర్వాత పార్లమెంటే. ఆ హద్దు దాటారో లేదో తేల్చాల్సింది న్యాయస్థానమే.